వేడి కాఫీ కేసు: ఫార్వర్డ్‌లో రాయని సంగతులు

ఏడాదికి ఒక్కసారైనా తిరిగొచ్చే ఫార్వర్డ్ ఇది: "అమెరికాలో ఒకావిడ కారు నడుపుతూ కాఫీ ఒంపుకుంది. వేడిగా ఉందని కేసు వేసి 29 లక్షల డాలర్లు కొట్టేసింది. కాఫీ వేడిగా కాక చల్లగా ఉంటుందా? ఎవరి ఒళ్లు వాళ్లు దగ్గర పెట్టుకోవాలి." చివర నాలుగు నవ్వు బొమ్మలు.

"కారు నడుపుతూ". కాదు. 1992 ఫిబ్రవరిలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకర్కీలో జరిగిందిది. ఆవిడకి 79 ఏళ్లు. డ్రైవింగ్ సీట్లో మనవడు, పక్క సీట్లో ఆవిడ, కారు ఆగి ఉంది. కప్పు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, క్రీమూ పంచదారా కలుపుకుందామని మూత అవతలి అంచు పట్టి తన వైపు లాగింది. కాఫీ అంతా ఒళ్లో పడింది. కాటన్ ప్యాంటు దాన్ని పీల్చుకుని చర్మానికి అంటుకుపోయింది.

"కాఫీ వేడిగానే ఉంటుంది". అసలు వాదన ఇదే. ఉంటుంది సరే, ఎంత వేడి? ఆవిడ కాఫీ కొన్నది మెక్‌డొనాల్డ్స్‌లో. కాఫీని 82 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచాలన్నది అప్పట్లో ఆ కంపెనీ నిబంధన. మనం హాయిగా తాగగలిగేది 60 డిగ్రీల అటూ ఇటూ. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని లోతుగా కాల్చడానికి ఐదు సెకన్లు పడుతుంది. 70 దగ్గర ఒక్క సెకను చాలు. కూర్చున్న మనిషి, అదీ ఆ వయసులో, తడిసిన ప్యాంటు ఒక్క సెకనులో ఎలా విప్పేసుకుంటుంది? తొడలూ గజ్జలూ కాలాయి. ఒంట్లో 6 శాతం చర్మానికి మూడో డిగ్రీ గాయాలు, అంటే చర్మం పూర్తి లోతుదాకా కాలిపోవడం, 8 రోజులు ఆసుపత్రి, చర్మం అతికే ఆపరేషన్లు.

పైగా కంపెనీకి ఇది కొత్త కాదు. అంతకుముందు పదేళ్లలో కాలిన గాయాల గురించి 700కు పైగా ఫిర్యాదులు వచ్చాయి. అమ్మే కప్పుల లెక్కలో అవెంత అన్నట్టు మాట్లాడింది కోర్టులో. కప్పు మీద హెచ్చరిక ఉంది, కానీ అది కంటికి ఆనేంత పెద్దది కాదని జ్యూరీ (కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం) తేల్చింది.

"ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి". జ్యూరీ కూడా ఆ మాటే అంది, తప్పులో 20 శాతం ఆవిడదేనని. ఒలికిన ప్రతి కప్పుకీ కొట్టువాడే బాధ్యుడని నేనూ అనను. ఇదే కంపెనీ మీద ఇంగ్లండ్‌లో వేసిన ఇలాంటి దావాలు 2002లో ఓడిపోయాయి. కాఫీ వేడిగా ఉంటుందని పెద్దవాళ్లకి తెలుసు, వేడిగానే కావాలంటారు అని ఆ జడ్జి అన్నదాంట్లో న్యాయముంది. కానీ చెయ్యి జారితే చొక్కా పాడవుతుందని తెలియడం వేరు, చర్మం ఊడొస్తుందని తెలియడం వేరు. ఆ రెండోది తెలిసింది అమ్మేవాడికే, డిగ్రీలు తగ్గించగలిగిందీ వాడే.

"కొట్టేసింది". ఆవిడ మొదట అడిగింది 20,000 డాలర్లు. కంపెనీ ఇస్తానన్నది 800. 1994లో జ్యూరీ నష్టపరిహారం 2 లక్షలు అని, ఆవిడ వాటా పోగా 1.6 లక్షలు చేసింది. కంపెనీకి శిక్షగా మరో 27 లక్షలు వేసింది, సుమారు రెండు రోజుల కాఫీ అమ్మకం అది. జడ్జి దాన్ని 4.8 లక్షలకు కోసేశాడు. ఆ 6.4 లక్షలైనా చేతికి రాకముందే ఇద్దరూ బయట రాజీ పడ్డారు, ఎంతకో చెప్పకూడదన్న షరతుతో.