విల్లా మెడిచి గోడమీది దేవతలు: లోపలికా, బయటేనా?

రోమ్‌లో పించియో కొండమీద ఉన్న విల్లా మెడిచి ఊరివైపు నుంచి చూస్తే అలంకారం లేని కోటలా కనబడుతుంది. తోటవైపు ముఖభాగం మాత్రం ప్రాచీన రోమన్ ఫలకాలతో నిండి ఉంటుంది. 1576లో ఈ భవనాన్ని కొన్న కార్డినల్ ఫెర్డినాండో దె మెడిచి తాను సేకరించిన పాలరాతి చెక్కడాలను ఆ గోడలో పొదిగించాడు. వాటిని విప్పి మ్యూజియంలో ఉంచి, గోడకు నకళ్లు అమర్చాలని వాది అంటున్నాడు. ప్రతివాది ఒప్పుకోవడం లేదు.

వాది: పాలరాయి నగరపు గాలికి తట్టుకోలేదు. పొగలోని గంధకపు వాయువులు తేమతో కలిసి రాతిలోని కాల్షియం కార్బొనేటును జిప్సంగా మారుస్తాయి. ఆ పొర నల్లబడి పెచ్చులుగా ఊడినప్పుడు ఉలిపని కూడా దానితోనే పోతుంది. పైగా ఈ గోడమీద గ్రీకు పురాణంలో ముగ్గురు దేవతల అందానికి ట్రాయ్ రాజకుమారుడు పారిస్ తీర్పు చెప్పే ఘట్టమున్న రాతి శవపేటిక ఫలకం ఒకటి ఉంది. అది ఈ గోడకు చేరకముందే చిత్రకారుడు రాఫెయెల్ దాని ఆధారంగా ఒక రూపకల్పన చేస్తే, మార్కాంటొనియో రైమొండి దాన్ని రాగిరేకుమీద చెక్కి అచ్చువేశాడు. ఆ అచ్చులో ఒక పక్కన కూర్చున్న నదీదేవతల భంగిమలనే 1863లో ఫ్రెంచ్ చిత్రకారుడు మనే, పచ్చికమీద విందు చేసుకునేవారి చిత్రంలో వాడుకున్నాడు. ఇంతటి సంతతి ఉన్న రాయిని వానకు వదిలేయడం ఏం న్యాయం?

ప్రతివాది: రాయి అరుగుతుందన్న మాటను నేను కాదనను. కానీ నాలుగు శతాబ్దాలుగా గచ్చులో కూరుకుపోయిన ఫలకాన్ని పెళ్లగిస్తే ఏ అంచు విరుగుతుందో ముందుగా ఎవరు చెప్పగలరు? పైగా ఫెర్డినాండో వాటిని దొరికినవి దొరికినట్టు అతికించలేదు. కిటికీలకూ గూళ్లకూ నడుమ కుడిదానికి ఎడమ జత కుదిర్చి పేర్పించాడు. జనం చూసే వైపును నిరాడంబరంగా ఉంచి, అతిథులు తిరిగే తోటవైపున అన్యమత దేవతలను నిలబెట్టుకున్న మతాధికారి మనసు ఆ అమరికలోనే తెలుస్తుంది.

వాది: ఆ అమరిక నకళ్లతోనూ నిలుస్తుంది. రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ కంచు విగ్రహాన్ని 1981లో మరమ్మతుకు తీసి, ఆ తర్వాత మ్యూజియంలోనే ఉంచి, రోమ్‌లోని కాపిటొలైన్ చౌకులో నకలు పెట్టారు. ఫ్లారెన్స్‌లో మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం 1873లోనే లోపలికి వెళ్లింది. అసలు ఈ ఫలకాలలో ఏదీ ఈ గోడకోసం చెక్కింది కాదు. శవపేటిక సమాధికోసం, ఊరేగింపు చెక్కడాలు బలిపీఠంకోసం. ఈ భవనం వాటికి అద్దె ఇల్లే.

ప్రతివాది: ఆ అద్దె ఇల్లే వాటిని కాపాడింది. 1583లో దొరికిన, గ్రీకు పురాణంలోని నియోబీ సంతానం విగ్రహాలు, మెట్లదగ్గరి రాతి సింహాలు, శిల్పి జంబొలోన్యా చేసిన మెర్కురీ దేవుడి విగ్రహం, వీలుగా కదిలేవన్నీ 18వ శతాబ్దపు ద్వితీయార్ధంలో మెడిచీల వారసులైన పాలకులు ఫ్లారెన్స్‌కు తరలించారు. గోడలో ఇమిడినవి మాత్రమే మిగిలాయి. నేడు ఫ్రెంచ్ అకాడమీ నడుస్తున్న ఆ ప్రాంగణంలో సింహాలు నకళ్లు, మెర్కురీ నకలు, నియోబీ పిల్లలు చిత్రకారుడు బాల్తుస్ ఆ అకాడమీకి డైరెక్టరుగా ఉన్న కాలంలో అచ్చుపోసిన నకళ్లు. గోడను కూడా అచ్చుపోస్తే ఫెర్డినాండో సేకరణలో అక్కడ చూడదగ్గది ఏం మిగులుతుంది?

వాది: గోడలో బిగించడమే రక్షణ అంటారా? చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి స్తూప ఫలకాలను సిమెంటుతో గోడలకు బిగించినందువల్ల వాటికి ఎంత నష్టం కలిగిందో మన తెలుగువారికి తెలియనిది కాదు.

ప్రతివాది: అయ్యా, ఆ నష్టం మ్యూజియంలోనే, పైకప్పు కిందనే జరిగింది! లోపలికి తేవడమే రక్షణ కాదని మీ ఉదాహరణే చెబుతోంది. ముందు శుభ్రం చేయించండి, పైన నీరు కారకుండా చూడండి, ప్రతి ఫలకానికీ అచ్చు తీసి భద్రపరచి ఏటా దానితో పోల్చి చూడండి. పారిస్ ఫలకంమీద పెచ్చు లేచిందని తేలిన రోజున, విప్పమని నేనే అడుగుతాను.

వాది: పెచ్చు లేచాక విప్పితే చేతికి వచ్చేది ఆ పెచ్చే.