స్టేటస్ గ్రీన్ అంటే ఎంతవరకు నమ్మాలి?

శుక్రవారం సాయంత్రానికి మా ఐటీ ఆఫీసుల్లో ప్రతి ప్రాజెక్ట్ మేనేజర్ ఒక రిపోర్ట్ పంపాలి. పని సవ్యంగా ఉంటే గ్రీన్, కాస్త తేడాగా ఉంటే యాంబర్, చెయ్యి దాటితే రెడ్. మొదటిసారి నాకు ప్రాజెక్ట్ అప్పగించినప్పుడు వరసగా పదకొండు వారాలు గ్రీన్ పంపాను. టెస్టింగ్ వెనకబడిందని ఆరో వారానికే నాకు తెలుసు. టీమ్‌లో ఇద్దరు చెప్పారు కూడా. సర్దుకుంటుందిలే అనుకున్నాను. పన్నెండో వారం ఒక్కసారిగా రెడ్ పెట్టాల్సి వచ్చింది. కాల్‌లో క్లయింట్ గొంతు పెంచలేదు. "ఆరో వారంలో చెప్పి ఉంటే మా లాంచ్ తేదీ మార్చుకునేవాళ్లం కదా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

పైకి ఎదగాలంటే పీఎంపీ అనే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ చేయాలా, పనులను ట్రాక్ చేసే జీరా సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలా అని జూనియర్లు అడుగుతుంటారు. చేయండి, మంచిదే, ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తుంది. కానీ పెద్ద ప్రాజెక్టులు ఎవరి చేతికి వెళ్తున్నాయో గమనించండి. ఎవరు తేదీ చెబితే పైవాళ్లు ఇంకొకరిని అడక్కుండా నమ్ముతారో వాళ్లకే వెళ్తాయి.

కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన రైల్వే ఇంజినీర్, 'మెట్రో మ్యాన్' ఇ. శ్రీధరన్‌కు ఆ నమ్మకం తొలి రోజుల్లోనే దక్కింది. 1964 డిసెంబరు తుపానుకు రామేశ్వరం వెళ్లే పాంబన్ రైలు వంతెన కొట్టుకుపోతే, సముద్రంలో పడ్డ గర్డర్లనే వెలికితీయించి 46 రోజుల్లో మళ్లీ నిలబెట్టారు. అయితే మనలాంటి వాళ్లు నేర్చుకోవాల్సింది ఢిల్లీ మెట్రోలో ఆయన పెట్టించిన గడియారాల నుంచి. గడువుకు ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చూపించే బోర్డులవి. ఇంజినీర్ చూసినా, కాంట్రాక్టర్ చూసినా అదే అంకె. మన మీటింగుల్లో అలాంటి అంకె ఉండదు. "తొంభై శాతం అయిపోయింది సార్" అంటారు, మూడు వారాల తర్వాత అడిగినా అదే తొంభై. చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు, మనం అడిగే ప్రశ్నే తప్పు. ఎంత అయిందని అడగకూడదు. ఇంకా ఏమేం మిగిలాయి, ఏది ఎవరి దగ్గర ఆగింది అని అడగాలి. అలా అడగడం మొదలుపెట్టాక నా రిపోర్టుల్లో యాంబర్లు పెరిగాయి, చివరి వారం టెన్షన్ తగ్గింది.

ఆయన పనిలో మన హైదరాబాద్‌కు నేరుగా తగిలేది ఇంకొకటుంది. 2008లో ఇక్కడి మెట్రో కాంట్రాక్ట్ మైటాస్ బృందానికి దక్కింది. ప్రభుత్వం నుంచి సాయం తీసుకోకపోగా తామే ఎదురు డబ్బు కడతామని ఆ బృందం ముందుకొచ్చింది. అందరూ సంబరపడుతున్న సమయంలో శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశారు. ఇందులో అసలు ఆకర్షణ రైలు కాదని, భూములని హెచ్చరించారు. రాష్ట్ర ప్రభుత్వం పరువు నష్టం దావా వేస్తామంది, ఆయన మాట వెనక్కి తీసుకోలేదు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. మైటాస్ కూడా సత్యం అధినేత రామలింగరాజు కుటుంబానిదే. మైటాస్ నిధులు సమకూర్చుకోలేకపోవడంతో ఆ జూలైలో ఒప్పందం రద్దయింది. ఆయన రాసింది పునాది తవ్వకముందే అన్నది నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

ముందే రెడ్ పెడితే అప్రైజల్‌లో దెబ్బ పడుతుందన్న భయం ఉత్తది కాదు, పడ్డవాళ్లు నాకు తెలుసు. అందులో పెద్ద తప్పు మేనేజ్‌మెంట్‌దే. ఆఖరి వారాంతం నిద్ర లేకుండా ప్రాజెక్టును గట్టెక్కించినవాడికి చప్పట్లు కొడతాం. మూడో వారంలోనే ప్రమాదం చెప్పి ఆ రాత్రులు రాకుండా చేసినవాడిని పట్టించుకోం.

మొన్న మా టీమ్‌లో కొత్తగా లీడ్ అయిన అమ్మాయి మూడో వారంలో రెడ్ పంపింది. పంపే ముందు ఫోన్ చేసి "సార్, యాంబర్ పెట్టమంటారా?" అని అడిగింది. రెడ్డే ఉంచమన్నాను. అదే సాయంత్రం ఇద్దరం క్లయింట్‌తో కూర్చుని రెండు ఫీచర్లు తర్వాతి రిలీజ్‌కు జరిపాం.