సవరణ: జర్మన్‌లో అమ్మాయికి 'డీ' కాదు, 'డాస్'

కడపలో తొమ్మిదో తరగతి చదివే మా పాప ఈ ఏడాదే జర్మన్ మొదలుపెట్టింది. తనలాంటి పిల్లల కోసం పోయిన వారం జర్మన్‌లో నామవాచకాల ముందు వచ్చే డేర్, డీ, డాస్ అనే చిన్న మాటల గురించి ఒక చిట్కా పెట్టాను: మగవాళ్లకు డేర్, ఆడవాళ్లకు డీ, వస్తువులకు డాస్. ఉదాహరణగా 'డీ మేట్‌షెన్' (అమ్మాయి) అని రాశాను. చిట్కా, ఉదాహరణ రెండూ తప్పే. అనంతపురంలో జర్మన్ చెప్పే ఒక మేడమ్ ఫోన్ చేసి చెప్పారు. పాప పాఠ్యపుస్తకంలోనూ నిఘంటువులోనూ చూశాను, ఆవిడ చెప్పిందే సరి.

సరైనది 'డాస్ మేట్‌షెన్'. చిన్నది, ముద్దుది అని చెప్పే 'షెన్' అనే ముక్క పదం చివర చేరితే, ఏకవచనంలో ఆ పదానికి ఎప్పుడూ డాసే. కుక్క 'డేర్ హుంట్', కుక్కపిల్ల 'డాస్ హ్యుంట్‌షెన్'. మన తెలుగులోనూ 'అమ్మాయి వచ్చింది', 'బస్సు వచ్చింది' అంటాం కదా. అది గుర్తు చేస్తే పిల్లలకు ఇది అంత వింతగా అనిపించదు.

నేను పొరబడింది బహువచనం దగ్గర. బహువచనంలో అన్ని నామవాచకాలకూ డీ వస్తుంది. 'మేట్‌షెన్' అనే మాట మాత్రం మారదు. పుస్తకంలో 'డీ మేట్‌షెన్' అంటే 'అమ్మాయిలు'. దాన్ని నేను ఏకవచనం అనుకున్నాను.

వస్తువులన్నీ డాస్ కూడా కావు. బల్ల డేర్ టిష్, దీపం డీ లాంపె, పుస్తకం డాస్ బూఖ్. తల్లి, కూతురు లాంటి మాటలకు డీ అన్నది మాత్రం సరైనదే.

నా చిట్కాను నోట్సులో రాసుకున్న పిల్లలు దాన్ని కొట్టేయండి. కొత్త మాట నేర్చుకునేటప్పుడే డేర్, డీ, డాస్‌లలో ఏది వస్తుందో దానితో కలిపి రాసుకోండి.