కడుపు చల్లని మాత్రకు

మహారాజశ్రీ ఎటోరికాక్సిబ్ గారికి,

మోకాళ్లు తప్ప ఇక్కడ అందరం క్షేమం. అట్టలో మీరు పదిమందీ క్షేమమని తలుస్తాను.

"నీ కడుపు చల్లగా ఉండ" అని మా పెద్దలు ఊరికే దీవించేవారు. ఆ దీవెనను నొప్పి మాత్ర చేసి అమ్మిన ఘనత మీ కాక్సిబ్‌ల వంశానిది. మీకు ముందు మేము నొప్పులకు డైక్లోఫెనాకో, ఇబుప్రొఫెనో మింగి, అర్ధరాత్రి "గుండెల్లో మంట" అంటూ లేచి కూర్చునేవాళ్లం. మంట కడుపుది, పేరు గుండెది. మీవాళ్లు వచ్చి మా భాషను సరిదిద్దారు. కడుపు జోలికి పెద్దగా పోకుండా తిన్నగా గుండె దగ్గరికే వెళ్లారు.

సిద్ధాంతం మాత్రం ముచ్చటైనది. ఒంట్లో కాక్స్ అనే ఎంజైములు రెండు. మొదటిది కడుపు లోపలి పొరను కాస్తుంది, రెండోది వాపూ నొప్పీ పుట్టిస్తుంది. పాత మందులు ఇద్దరినీ కలిపి బాదేవి. మీరు దొంగను మాత్రమే పట్టే పోలీసులు. అయితే ఆ దొంగ రక్తనాళాల్లో గడ్డలు కట్టకుండా రాత్రి కాపలా కూడా కాసేవాడు. అతన్ని లోపల వేసి, గడ్డలు కట్టించే మొదటివాడిని వీధిలో వదిలారు.

మీ ఇంటి బిడ్డ రోఫెకాక్సిబ్ సంగతి మరచిపోలేదు కదా? 1999లో అమెరికాలో మెర్క్ కంపెనీ వయాక్స్ పేరుతో ఊరేగించింది. 2000లో సుమారు ఎనిమిది వేలమంది కీళ్లవాత రోగుల మీద చేసిన అధ్యయనం వెలువడింది. నాప్రోక్సెన్ అనే పాత నొప్పి మాత్ర వాడినవారితో పోలిస్తే కడుపు చిక్కులు సగానికి తగ్గాయి, గుండెపోట్లు నాలుగు రెట్లయ్యాయి. అందుకు కంపెనీ సంజాయిషీ: మా మందు గుండెకు చెడు చేయలేదు, నాప్రోక్సెనే మేలు చేసింది! పరీక్ష తప్పిన మా మేనల్లుడు కూడా పక్కవాడు ఎక్కువ చదివాడనే చెప్పాడు. నాలుగేళ్లు గడిచాక, 2004 సెప్టెంబరు 30న, ఆ బిడ్డను బజారు నుంచి ఇంటికి పిలిపించుకున్నారు. 2007లో దావాల పరిష్కారానికి 485 కోట్ల డాలర్లు ఒప్పుకున్నారు.

అదే ఏడాది అమెరికా మిమ్మల్ని గడప తొక్కనివ్వలేదు. ఐరోపా రానిచ్చింది కానీ, రక్తపోటు 140/90 దాటి అదుపులో లేనివారి ఇంటికి వెళ్లవద్దంది. న్యాయంగా చెప్పాలంటే పాత మందులూ గుండె విషయంలో సాధువులు కావు, డైక్లోఫెనాక్ మరీను. కానీ అవి చల్లదనం పేరు చెప్పుకొని రాలేదు.

మా వీధి చివర మందుల షాపులో ఏ గడపా లేదు. డాక్టరు చీటీ అడగలేదు, బీపీ సంగతీ అడగలేదు. "మోకాళ్లు" అన్నానో లేదో, మిమ్మల్ని కత్తిరించి చేతిలో పెట్టాడు.

"కడుపుకు చల్లన సార్" అన్నాడు. అంటూనే పక్కన గ్యాస్ మాత్రల అట్ట కూడా పెట్టాడు.

ఇది ఎందుకన్నాను.

"దీనితో పాటు అందరికీ ఇస్తాం సార్."

ఇట్లు,
తమ విధేయుడు,
రెండు మోకాళ్లవాడు