బరంపురంలో వైరింగ్: పాయింటు రేటు ఒక్కటే చూస్తే ఎలా?

బరంపురంలో ఇంటి వైరింగ్ గురించి వచ్చిన ఒక వ్యాసంలో, పాయింటు రేటు (ఒక్కో లైటు, ప్లగ్ పాయింటుకు ఇంత అని కట్టే లెక్క) తక్కువున్న కాంట్రాక్టరును పెట్టుకోమని రాశారు. సరేనండీ, లైసెన్సు మాటేమిటి? ఆంధ్రాలోని ఇచ్ఛాపురం పక్కనే ఉన్నా, బరంపురం ఒడిశాలోది కాబట్టి ఆంధ్రా లైసెన్సు ఇక్కడ దానంతటదే చెల్లదు. ఒడిశా ప్రభుత్వ లైసెన్సు కావాలి. పని చేయించే సూపర్‌వైజరు సర్టిఫికెట్టు, పనివాడి పర్మిట్టు వేరే. లైసెన్సు ఒకరిది, పని ఇంకొకరిది అయితే గొడవే.

మెటీరియల్‌తో కలిపి ఒప్పుకుంటే తీగ సైజు రాయించుకోండి. ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్లని చెప్పి 2.5 లాగేస్తారు. తొడుగు మీది ముద్ర చదవండి, పైపులోకి పోయాక కనబడదు. రాగి ధర నిలకడగా ఉండదు కాబట్టి కొటేషన్‌కు గడువు, జీఎస్టీ కలిపారా లేదా రాయించాలి.

చివర్లో 500 వోల్టుల మెగ్గర్ (తీగ తొడుగు ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరు) పెట్టించండి. ఆ నిరోధం ఒక మెగాఓమ్‌కు తగ్గకూడదు. వానాకాలంలో తడి పైపుల్లో తీగ లాగితే ఆ పరీక్షలోనే దొరికిపోతారు.