ఈశాన్యంలో షెడ్డు

మా అత్తయ్య హైదరాబాద్ నుంచి ఇంగ్లండ్‌లోని మా ఇంట్లో దిగిన మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసుతో పెరట్లోకి వెళ్లారు. వెళ్లినంత వేగంగా తిరిగి వచ్చారు.

“ఈశాన్యంలో ఆ బరువేమిటమ్మా?”

“అది మనది కాదు అత్తయ్యా, పక్కింటివారిది.”

“ఎవరిదైతేనేం, ఈశాన్యం మనదేగా.”

ఆరు నెలల వీసా ముగిసేలోగా ఆవిడ ఈ మాట ఎన్నిసార్లు అన్నారో లెక్క పెట్టలేదు. వాస్తు మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కానీ ఆ షెడ్డు విషయంలో మాత్రం ఆవిడా నేనూ ఒకే పక్షం.

షెడ్డు అంటే మనకు ఎరువుల బస్తాలు, పాత సైకిళ్లు పెట్టుకునే రేకుల కొట్టం గుర్తుకొస్తుంది. ఇది ఆ జాతి కాదు. మేము మా తమ్ముడి కూతురి పెళ్లికి మూడు వారాలు ఇండియా వెళ్లి వచ్చేసరికి, పక్కాయన పెరట్లో ఆపిల్ చెట్టు ఉండాల్సిన చోట ఆరు మీటర్ల పొడవున గోడ ఉంది. ఆయనవైపు తేనెరంగు దేవదారు చెక్క, నేల దాకా గాజు తలుపులు, లోపల వ్యాయామపు సైకిలు, ఒక సోఫా. మావైపు నల్లటి ముడతల రేకు. దాని మీదుగా ఒక ప్లాస్టిక్ గొట్టం, వేలాడుతున్న కేబుల్ చుట్ట. పెళ్లి పందిట్లో స్టేజీ వెనక్కి వెళితే కర్రలు, తాళ్లు, గోనెపట్టాలు కనిపిస్తాయి చూడండి, మా వంటింటి కిటికీలోంచి రోజూ అదే దర్శనం.

పైగా గోంగూర. ఇంగ్లండ్‌లో గోంగూర పండించిన వాళ్లకు నా బాధ వేరే చెప్పనక్కరలేదు. కిటికీ గట్టు మీద విత్తు మొలిపించి, మే నెలాఖరుకు మంచు భయం పోయాక కుండీలు బయటపెట్టి, ఉన్న నాలుగు ఎండ రోజులనూ పిసినారిలా వాడుకోవాలి. జూన్‌లో ఇక్కడ సూర్యుడు లేచేది ఈశాన్యం నుంచే. అంతకు ముందు ఏడింటికల్లా ఎండ తగిలే కుండీలకు ఇప్పుడు తొమ్మిది దాటితే తప్ప తగలదు. అత్తయ్య చెప్పిన ఈశాన్య దోషానికి నాకు దొరికిన ప్రమాణం ఇదొక్కటే.

ఒక శనివారం మా ఆయన టేపు పట్టుకున్నారు, నేను నిచ్చెన పట్టుకున్నాను. మావైపు నేల నుంచి కప్పు అంచు దాకా 2.8 మీటర్లు. సరిహద్దుకు 2 మీటర్ల లోపు కట్టేది 2.5 మీటర్ల ఎత్తు దాటకూడదని అప్పటికే చదివి ఉన్నాను. ముప్పై సెంటీమీటర్లు ఎక్కువ! దొరికాడు అనుకున్నాం. ఆ రాత్రే ఫొటోలతో సహా కౌన్సిల్‌కు, అంటే ఇక్కడి మున్సిపాలిటీకి, ఫిర్యాదు పంపాను. అందవికారం అనే అర్థం వచ్చే మాట అందులో ఐదుసార్లు రాశాను.

ఆరు వారాల తర్వాత కౌన్సిల్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మా పెరట్లో ఒక్క నిమిషం నిలబడి, పక్కింటికి వెళ్లి, షెడ్డుకు అవతలి పక్క నుంచి కొలిచింది. 2.48. షెడ్డును ఆనుకుని ఉన్న నేలలో ఎత్తయిన చోటు నుంచి కొలవాలట. మా వీధి వాలు మీద ఉంది. ఆయన పెరడు ఎగువ, మాది దిగువ. తర్వాత వచ్చిన ఉత్తరంలో నాలుగు వాక్యాలున్నాయి. అందవికారం ప్రస్తావన ఒక్కదానిలోనూ లేదు.

అప్పుడు కూర్చుని ఆ నిబంధనలన్నీ చదివాను. ఫిర్యాదుకు ముందు చదవాల్సినవి. ఇంగ్లండ్‌కు వర్తించే ఉత్తర్వు 2015 నాటిది, వేల్స్, స్కాట్లండ్ లెక్కలు వేరు. పెరట్లో షెడ్డో, వ్యాయామపు గదో, ఆఫీసు గదో కట్టుకోవడానికి మామూలుగా ప్లానింగ్ అనుమతి అక్కరలేదు, కొన్ని హద్దులు పాటిస్తే చాలు. ఒకే అంతస్తు ఉండాలి. చూరు ఎత్తు 2.5 మీటర్లు మించకూడదు. కప్పు రెండు వాలులుగా ఉంటే మొత్తం ఎత్తు 4 మీటర్లు, మరే తీరు కప్పయినా 3, సరిహద్దు పక్కనే అయితే ముందు చెప్పిన 2.5. ఇంటి ముందు గోడను దాటి వీధివైపు రాకూడదు. అసలు ఇల్లు పోగా మిగిలిన స్థలంలో కట్టడాలు సగానికి మించకూడదు. అసలు ఇల్లంటే 1948 జూలై 1 నాటికి ఎలా ఉందో అది, ఆ తర్వాత కట్టినదైతే మొదట ఎలా కట్టారో అది. ఫ్లాట్లకు ఈ వెసులుబాటు లేదు. పాత కట్టడాల పరిరక్షణ ప్రాంతాల్లో హద్దులు ఇంకా బిగువు.

రంగు? రేకా, చెక్కా? ఇంటిని వెనక్కి పొడిగిస్తే గోడలు పాత ఇంటిని పోలి ఉండాలన్న షరతు ఉంది. షెడ్డుకు ఆ షరతు కూడా లేదు. ఒకవేళ అనుమతి అవసరమైన కట్టడమే అయినా, మన కిటికీలోంచి కనిపించే దృశ్యం పోయిందన్న మాట, మన ఇంటి ధర పడిపోతుందన్న మాట ప్లానింగ్ లెక్కలోకి రావు. వెలుతురు తగ్గడం, మన ఇంట్లోకి తొంగిచూసేలా ఉండడం వస్తాయి. ఇది కొత్తగా పుట్టిన మొండితనం కూడా కాదు. 1610లో ఇక్కడ పందుల కొట్టం మీద ఒక కేసు నడిచింది. పక్కవాడి పందుల కంపుకు దావా వేయవచ్చు గానీ, కంటికి ఇంపైన దృశ్యం పోయిందని దావా కుదరదని అప్పుడే తేల్చారు. నా నల్లరేకు నాలుగు వందల ఏళ్లు ఆలస్యంగా వచ్చింది.

కోపం చల్లారాక ఆలోచిస్తే, చట్టం అందాన్ని కొలవకపోవడమే మంచిదనిపించింది. ఆక్స్‌ఫర్డ్ పక్కన హెడింగ్టన్‌కు వెళ్లిన వాళ్లు చూసే ఉంటారు, ఒక మామూలు ఇంటి పైకప్పులో దాదాపు 25 అడుగుల సొరచేప తలకిందులుగా దిగబడి ఉంటుంది. 1986లో, నాగసాకి మీద బాంబు పడిన రోజైన ఆగస్టు 9న, ఇంటి యజమాని బిల్ హైన్ దాన్ని పెట్టించాడు. కౌన్సిల్ తీసేయమంది, చాలా ఏళ్లు పోరాడింది. చివరకు 1992లో కేంద్ర ప్రభుత్వమే దానికి అనుమతి ఇచ్చింది. కాస్త చిత్రమైనవాటికీ ప్లానింగ్ వ్యవస్థలో చోటుండాలని అప్పీలు విన్న అధికారి రాశాడు. 2022లో అదే నగరపు కౌన్సిల్ ఆ చేపను తన వారసత్వ జాబితాలో చేర్చుకుంది. అందం గురించి కౌన్సిళ్లు తీర్పు చెప్పడం మొదలుపెడితే మొదట మునిగేది మనమేనని నా భయం. పాత చీరలు చింపి కట్టిన నా సొరపాదు పందిరి, తెల్లవాళ్ల వీధిలో పసుపూ ఎరుపూ చారలు వేసిన మా తులసికోట ఏ కమిటీ ముందు నెగ్గుతాయి?

కాబట్టి నా గొడవ ఎత్తు గురించీ కాదు, రేకు గురించీ కాదు. మేము ఊళ్లో లేనప్పుడు ఒక్క మాటైనా చెప్పకుండా కట్టడం గురించి. ఈ దేశపు నిబంధనల్లో లోపం అక్కడే ఉందని నా వాదన. ఇంటిని వెనక్కి ఆరు మీటర్లో ఎనిమిది మీటర్లో పొడిగించే సులువు పద్ధతి ఉంది కదా, దానికి కౌన్సిల్ పక్కిళ్లకు ఉత్తరం రాసి మూడు వారాలు ఆగుతుంది. సరిహద్దు గీత మీదనే గోడ కడితే 1996 నాటి చట్టం కింద నెల ముందు నోటీసు ఇవ్వాలి. పక్కవాళ్ల కంచె మొక్కలు రెండు మీటర్లు దాటి వెలుతురు అడ్డుతున్నాయని ఫిర్యాదు చేయాలంటే, ముందు వాళ్లతో మాట్లాడి చూశారా అని అడుగుతారు, లేదంటే ఫిర్యాదును పక్కన పెట్టేయవచ్చు. కానీ గీతకు ఒక జానెడు ఇవతల ఆరు మీటర్ల గది లేపేవాడు ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు. అభ్యంతరం చెప్పే హక్కు కూడా నేను అడగడం లేదు. పునాది తవ్వే ముందు పక్కింటికి ఒక ఉత్తరం, అందులో ఒక బొమ్మ. మీవైపు ఇలా కనిపిస్తుంది అని. అంతే. మన ఊళ్లలో ఇంటి చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ మొత్తం మింగేసేవాడు కూడా శంకుస్థాపనకు పక్కింటివాళ్లను పిలిచి ప్రసాదం పెడతాడు.

ఇది పక్కవాళ్ల మీద ఫిర్యాదుగా మాత్రమే చదవకండి. పదేళ్ల క్రితం మనం షెడ్ల గురించి సణిగే వాళ్లం, ఇప్పుడు కట్టే వాళ్లం. ఇక్కడి మన తెలుగు సంఘం సమావేశాల్లో భోజనాల దగ్గర వినండి, అమ్మానాన్నలు వస్తే ఉండడానికి తోటలో గది, అందులో స్నానాలగది, చిన్న వంట గట్టు. ఇక్కడే కాలు జారేది. అనుమతి లేకుండా కట్టుకునే గది ఇంటికి అనుబంధంగా ఉండాలి. ఆటకో, పనికో, సామాన్లకో వాడుకోవచ్చు. పడుకుని, వండుకుని, విడిగా కాపురం ఉండే గదికి ఈ వెసులుబాటు వర్తించదు. 15 చదరపు మీటర్ల లోపు గదికి బిల్డింగ్ నిబంధనల నుంచి మినహాయింపు ఉన్నా, అందులో పడక వేస్తే అదీ పోతుంది. కొత్తగా వచ్చిన విద్యార్థులకు అలాంటి గదులు అద్దెకిచ్చిన వాళ్లను నేను చూశాను. లండన్ దగ్గరి స్లావ్‌లో 2013లో కౌన్సిల్ విమానం ఎగరేసి, వేడిని పసిగట్టే కెమెరాతో పెరటి గదులను వెతికింది. తోటల వెనక ఎవరు చూస్తారులే అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

“ముందు కట్టేద్దాం, తర్వాత రెగ్యులరైజ్ చేయించుకోవచ్చు” అనే మాట మనకు ఉగ్గుపాలతో వచ్చింది. అక్రమ కట్టడాలను, లేఅవుట్లను డబ్బు కట్టించుకుని సక్రమం చేసే బీపీఎస్‌లు, ఎల్‌ఆర్‌ఎస్‌లు చూస్తూ పెరిగాం మరి. ఇక్కడ కూడా గడువు దాటితే చర్య తీసుకోలేని పద్ధతి ఉంది, కానీ దాన్ని నమ్ముకున్న, లండన్ పక్కనున్న సర్రే రైతు కథ వినండి. అనుమతి లేకుండా కోటలాంటి ఇల్లు కట్టి, దాన్ని పెద్ద గడ్డివాముల వెనక దాచి, 2002 నుంచి 2006 దాకా కుటుంబంతో అందులోనే కాపురం ఉన్నాడు. అప్పటి గడువైన నాలుగేళ్లు నిండాయని గడ్డి తీసేశాడు. దాచిన ఇంటికి ఆ లెక్క చెల్లదన్నారు. 2016లో తనే కూలగొట్టుకోవాల్సి వచ్చింది. ఆ నాలుగేళ్ల గడువు కూడా ఇంగ్లండ్‌లో 2024 ఏప్రిల్ 25 నుంచి పదేళ్లయింది.

ఫిర్యాదు రాసే ముందు నాకు ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి. ఇక్కడ ఇల్లు అమ్మేటప్పుడు నింపే టీఏ6 ఫారంలో, పొరుగువారితో తగాదాలు, ఫిర్యాదులు ఉన్నాయా అని అడుగుతారు. నిజం రాయాలి. ఐదుసార్లు అందవికారం అని రాసిన నా ఫిర్యాదును నేను ఇల్లు అమ్మే రోజున కొనేవాళ్లకు స్వయంగా సమర్పించుకోవాలి. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు కౌన్సిల్ బయటపెట్టదు, నిజమే. కానీ ఆ నల్లరేకు కనిపించే వంటిల్లు వీధిలో మాది ఒక్కటే. ఎవరు రాశారో ఆయనకు తెలియదా?

తెలుసు. మూడు నెలలు ఆయన మాకు పలకరింపు కూడా తగ్గించేశారు. చివరకు అత్తయ్య వెళ్లే వారం, ఆవిడ పోరు పడలేక, గారెలు పళ్లెంలో పెట్టుకుని వెళ్లి ఒకసారి మా పెరట్లోకి రమ్మని అడిగాను. వచ్చారు. ఆ రేకు ముందు నిలబడి చాలాసేపు మాట్లాడలేదు. రెండేళ్లలో తన షెడ్డు వీపు ఆయన చూడడం అదే మొదటిసారి. “ఇటువైపు కంచె కనిపిస్తుందనుకున్నాను” అన్నారు. కంచె ఎత్తు 1.8 మీటర్లే, దానిపైన మీటరు రేకు. ఆయన కొలిచిన ప్రతిసారీ తన పక్క నుంచే కొలుచుకున్నారు. మిగిలిన దేవదారు పలకలు కొన్ని గరాజులో ఉన్నాయని, మావైపు కొడతానని అన్నారు. సగమే సరిపోయాయి. మిగతా సగం మీదికి సొరపాదు పాకించుకోమన్నారు. గురివింద గింజకు తన నలుపు కనిపించదని అత్తయ్య తెలుగులో అంటే, ఆయన అర్థం కాక, గారె మెచ్చుకున్నారనుకుని చెయ్యెత్తి దండం పెట్టారు.

ఆ సామెత నాకూ చుట్టుకుంది. షెడ్డు నిబంధనలు చదువుతున్నప్పుడే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. అనుమతి లేకుండా పెరట్లో కట్టే చెక్క అరుగు నేల నుంచి 30 సెంటీమీటర్లు దాటకూడదు. వాలు నేల కదా అని మేము 2021 వేసవిలో ఎత్తుగా వేయించుకున్నాం. అదే టేపుతో, ఎగువ నేల నుంచే కొలిస్తే 41. వెంటనే తేదీలు లెక్కేశాను. అది 2024కు ముందు కట్టినది, పాత నాలుగేళ్ల గడువే వర్తిస్తుంది, ఆ గడువు తీరిపోయింది. హమ్మయ్య అనుకున్నాక సర్రే రైతు గుర్తొచ్చి సిగ్గేసింది.

పోయిన ఆదివారం అటుపక్క ఇంటి పెద్దావిడ దగ్గరికి వెళ్లి, మా అరుగు వల్ల మీకేమైనా ఇబ్బందిగా ఉందా అని అడిగాను. ఆవిడ నవ్వి, మీరు దాని మీద టీ తాగుతుంటే నా కూరగాయల మళ్ల దాకా కనిపిస్తుంది కదా, అందుకే కంచె వెంట ఆ లారెల్ మొక్కలు వేశాను అన్నారు. ఎంత బాగా పెంచారండీ అని ఆ మొక్కలను మేము మూడేళ్లుగా మెచ్చుకుంటున్నాం.