సవరణ: విలియమ్స్ సిండ్రోమ్‌లో కాల్షియం గురించి

పోయిన వారం క్రోమోజోమ్ సూక్ష్మలోపాల (క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లేకపోవడం) గురించి రాస్తూ, అవి ఉన్న పిల్లల్లో రక్తంలో కాల్షియం తగ్గుతుంది కాబట్టి విటమిన్ డి చుక్కలు మానవద్దన్నాను. అది విలియమ్స్ సిండ్రోమ్‌కు వర్తించదు, సరిగ్గా తలకిందులు. 22వ క్రోమోజోమ్ లోపాన్నీ (డిజార్జ్ సిండ్రోమ్), 7వ క్రోమోజోమ్ లోపాన్నీ (విలియమ్స్) ఒకే గాటన కట్టడం నా పొరపాటు.

డిజార్జ్‌లో, రక్తంలో కాల్షియంను అదుపు చేసే పారాథైరాయిడ్ గ్రంథులు సరిగా ఎదగక కాల్షియం పడిపోవచ్చు, కొందరు శిశువులకు మూర్ఛ కూడా వస్తుంది. విలియమ్స్‌లో కొందరికి కాల్షియం పెరుగుతుంది, ముఖ్యంగా మొదటి రెండేళ్లలో. పాలు తాగకపోవడం, వాంతులు, మలబద్ధకం, ఊరుకోబెట్టలేని ఏడుపు కనిపిస్తే కడుపునొప్పి అనుకుని ఊరుకోకుండా రక్తంలో, మూత్రంలో కాల్షియం చూపించాలి. చిన్న వయసులో విటమిన్ డి కలిసిన మల్టీవిటమిన్లు ఇవ్వవద్దని అమెరికా పిల్లల వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. నా పోస్టు చదివిన ఒక తల్లి, తన పాపకు రాసిన చుక్కల సీసాను డాక్టరు పక్కన పెట్టించారని చెప్పాకే ఆ మార్గదర్శకాలను తెరిచి చూశాను.

అలాగని పాలు, పెరుగు సొంతంగా మాన్పించకండి. ఆహారంలో కాల్షియం తగ్గింపు డాక్టరు పర్యవేక్షణలోనే జరగాలి. ఏ లోపమో ఇంకా తేలని బిడ్డకైతే మైక్రోఅరే పరీక్ష (క్రోమోజోముల్లో చిన్న ముక్కల లోపాన్ని కూడా పట్టే జన్యు పరీక్ష) గురించి అడగండి. మామూలు కేరియోటైప్‌లో (క్రోమోజోములను మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష) ఇంత చిన్న ముక్క సాధారణంగా కనపడదు.

పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.